పది నల్ల కూనలు – ఒక హాజరు పట్టీ

తరగతిలో ఒకరి హాజరు మరొకరు పలకడం మన విద్యార్థి లోకానికి కొత్త సంగతి కాదు. లెక్చరరుగారు తల ఎత్తకుండా అంకెలు చదువుకుంటూ పోతూంటే, వెనుక బెంచీలోంచి ఒకే గొంతు రెండుసార్లు “ఎస్ సార్” అంటుంది. పట్టీలో ఇద్దరూ ఉన్నట్టే. గదిలో ఉన్నది మాత్రం ఒక్కడే. దీనివల్ల మహా అయితే సంవత్సరాంతంలో హాజరు శాతం దగ్గర కొంత చిక్కు వస్తుంది, అంతే. కాని ఇదే పొరపాటు నాలుగు రోజుల కుక్కపిల్లల మధ్య జరిగితే ఒక ప్రాణం పోతుంది. పోయింది కూడా – మా పెదనాన్నగారింట్లో, మా అందరి కళ్ళ ముందే.

ఆ సంగతి ముందు చెప్పి, ఆ తరువాత నేను చదివీ, అడిగీ, కళ్ళారా చూసీ తెలుసుకున్న విషయాలు పాఠకులకు మనవి చేస్తాను. నేను పశువైద్యుణ్ణి కాను, జంతుశాస్త్ర విద్యార్థిని మాత్రమే. కాబట్టి ఇది వైద్యం చెప్పే వ్యాసం కాదు. పెద్దజాతి కుక్క ఒక్క ఈతలో ఎనిమిదో పదో పిల్లల్ని పెట్టినప్పుడు వాటిని ఒక్కొక్కటిగా గుర్తుపట్టడం ఎందుకు అవసరమో, ఎలా సాధ్యమో చెప్పే వ్యాసం.

ఆ నాలుగు రోజులు

2021 డిసెంబరు. అప్పుడు నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. తణుకు దగ్గర పల్లెలో పెదనాన్నగారిల్లు. వారి లాబ్రడార్ కుక్క పేరు రాణి. దానికదే తొలి ఈత. సాయంత్రం మొదలుపెట్టి తెల్లవారేసరికి పది పిల్లల్ని పెట్టింది. పదీ నల్లవే. కాటుక ముద్దలు వరుసగా పేర్చినట్టు తల్లి పొట్ట పక్కన పడుకున్నాయి. తండ్రి కుక్క లేత గోధుమ రంగుది. “ఇదేంట్రా, తండ్రి పోలిక ఒక్కదానికీ రాలేదు!” అని మా పెద్దమ్మ ఆశ్చర్యపోయింది. ఆ ప్రశ్నకు జవాబు తరువాత చెబుతాను.

పదింటిలో రెండు పిల్లలు మిగతావాటికంటే చిన్నవి. పాల దగ్గర తోపులాటలో అవి వెనకబడిపోతున్నాయి. పట్నం నుంచి కుక్కపిల్లల పాలపొడి తెప్పించి, ఆ రెండింటికీ మూడు గంటలకొకసారి సీసాతో పట్టాలని పెదనాన్నగారు నిర్ణయించారు. రాత్రి పదింటికి ఆయన, ఒంటిగంటకు నేను, నాలుగింటికి పెద్దమ్మ. మాకున్న నియమం ఒక్కటే: “చిన్నవి రెండూ తీసి పట్టండి.” చలికాలం, చిన్న బల్బు వెలుగు, నిద్రకళ్ళు. ఒక చిన్నపిల్లను తీసి, పట్టి, మళ్ళీ గుంపులో పెట్టేవాళ్ళం. తరువాత రెండో చిన్నపిల్లను వెతికి తీసి పట్టేవాళ్ళం. మూడు రోజులు శ్రద్ధగానే చేశాం.

నాలుగో రోజు తెల్లవారి చూస్తే, ఒక పిల్ల గోనెపట్టా మడత కింద మూలగా ఉంది. చల్లగా ఉంది. పొట్ట వెన్నుకు అంటుకుపోయింది. దాన్ని అరచేతిలో పెట్టుకొని చూస్తే కుడి వెనుక కాలి వేలి మీద నాలుగైదు తెల్ల వెంట్రుకలు కనిపించాయి.

“పాలు పట్టేటప్పుడు ఈ తెల్లవేలు ఎవరైనా చూశారా?” అని పెదనాన్నగారు అడిగారు.

ఎవ్వరం మాట్లాడలేదు. కాసేపటికి పెద్దమ్మ, “నేను చూడలేదు నాన్నా” అంది నా వంక తిరిగి. నేనూ చూడలేదు. మేం మూడు రోజులూ పాలు పట్టింది ఒకే పిల్లకు. అదే ఒకసారి తనకు, ఒకసారి ఈ తెల్లవేలి పిల్లకు హాజరు పలికింది. రెండోసారి పాలకు అది మొహం తిప్పుకుంటే, “ఇది మరీ నీరసంగా ఉంది, తాగడం లేదు” అనుకున్నాం!

ఆ మధ్యాహ్నం పశువైద్యులు వచ్చి మూడు ప్రశ్నలడిగారు. “ఇది ఎన్నో పిల్ల? పుట్టినప్పుడు ఎంత బరువుంది? నిన్న ఎంతుంది?”

“అన్నీ నల్లవేనండి” అన్నారు పెదనాన్నగారు.

“అందుకేనండీ అడుగుతున్నది” అన్నారు డాక్టరుగారు.

అన్నీ నల్లవే ఎందుకయ్యాయి?

పెద్దమ్మ ప్రశ్నకు జవాబు మెండెల్ సూత్రాల్లోనే ఉంది. లాబ్రడార్ రంగును ముఖ్యంగా రెండు జన్యువుల జంటలు నిర్ణయిస్తాయి. మొదటిది నలుపా, చాక్లెట్ రంగా అన్నది తేలుస్తుంది. ఇందులో నలుపు బహిర్గతం, చాక్లెట్ అంతర్గతం. రెండోది ఆ ముదురు రంగును వెంట్రుకలోకి రానివ్వాలా, వద్దా అన్నది తేలుస్తుంది. రానివ్వని రూపం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండూ వస్తేనే కుక్క పసుపు లేదా గోధుమ రంగుకు దిగుతుంది. ఒక్కటే వస్తే నలుపు నలుపుగానే ఉంటుంది.

రాణిలో రెండు జంటలూ స్వచ్ఛమైన నలుపువి అయివుండాలి. కాబట్టి తండ్రి ఏ రంగువాడైనా పిల్లలన్నీ నల్లగానే పుడతాయి. అయితే ఈ పిల్లల్లో ప్రతి ఒక్కటీ తండ్రి రంగును లోపల దాచుకునే ఉంటుంది. రేపు వీటిలో ఒకదానికి గోధుమ రంగు కుక్కతో జత కుదిరితే, పుట్టేవాటిలో సగటున సగం గోధుమ రంగులో ఉంటాయి. తండ్రి పోలిక రాలేదనుకోవడం పొరపాటు. వచ్చింది, పైకి కనబడలేదంతే.

ఇక్కడ గ్రహించవలసిన విషయం మరొకటుంది. ఇలాంటి ఈతలో ప్రకృతి మనకు గుర్తులు ఇవ్వదు. మచ్చలున్న గ్రేట్ డేన్ పిల్లల్నో, సెయింట్ బెర్నార్డ్ పిల్లల్నో మచ్చల పటం గీసుకొని పోల్చుకోవచ్చు. ఒకే రంగు ఈతలో ఆ గుర్తు మనమే పెట్టాలి, అదీ పుట్టిన గంటలోనే.

గుర్తు పెట్టే పద్ధతులు

ముందుగా ఆడా మగా చూడాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. పొట్ట మీద బొడ్డుకు కొంచెం కిందుగా మరో చిన్న బొడిపె ఉంటే మగ. పొట్ట నున్నగా ఉండి, తోక కింద ఆసనానికి దిగువన చిన్న చీలిక కనిపిస్తే ఆడ. బొడ్డునే చూసి మగ అనుకోవడం తొలిసారి చూసేవారందరూ చేసే తప్పు. ఈ పరీక్షతోనే పదింటి గుంపు రెండు చిన్న గుంపులవుతుంది.

రెండోది సహజమైన గుర్తులు. నల్ల లాబ్రడార్లో కూడా రొమ్ము మీద చిన్న తెల్ల చుక్క, వేళ్ళ మధ్య తెల్ల వెంట్రుకలు అప్పుడప్పుడూ ఉంటాయి. పగటి వెలుతురులో, తల్లి బయటికి వెళ్ళిన సమయం చూసి, ప్రతి పిల్లనూ నాలుగు వైపులా తిప్పి చూసి రాసుకోవాలి. మేం అది చేసి ఉంటే తెల్లవేలి పిల్ల బతికేదేమో!

మూడోది రంగు దారం. మిగిలిన తొమ్మిదింటికీ డాక్టరుగారు తొమ్మిది రంగుల మెత్తని ఊలు దారాలు మెడకు కట్టించారు. ఇది చౌక, సులువు. కాని ప్రమాదం లేని పని కాదు. చంటికూన వారం పది రోజుల్లో రెట్టింపు బరువవుతుంది. మెడ దానితోపాటే పెరుగుతుంది గాని, దారం పెరగదు. కాబట్టి చిటికెన వేలు దూరేంత వదులుండాలి. మరీ వదులైతే కాలో, దవడో అందులో ఇరుక్కుంటుంది. రోజూ చూడాలి. మూడు నాలుగు రోజులకొకసారి కత్తిరించి కొత్తది కట్టాలి. తల్లి కొరికే రకమైతే ఈ పద్ధతి మానుకోవడమే మంచిది.

నాలుగోది వెంట్రుకలు కత్తిరించడం. మొన కత్తెరతో కాకుండా చివర గుండ్రంగా ఉన్న కత్తెరతో, రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు కురచ చేస్తారు. ఒకదానికి కుడి భుజం మీద, ఒకదానికి ఎడమ భుజం మీద, ఒకదానికి నడుం మీద, ఇలా ఒక్కో పిల్లకు ఒక్కో చోటు. ఊడిపోయేది లేదు, బిగుసుకునేది లేదు. వెంట్రుకలు మళ్ళీ పెరిగేదాకా గుర్తు ఉంటుంది. మసకవెలుగులో వేలితో తడిమి కూడా పోల్చుకోవచ్చు. రంగు దారాలకు ఈ సౌకర్యం లేదు. రాత్రి బల్బు కింద నీలమూ ఊదా ఒకటిగానే కనబడి మమ్మల్ని రెండుసార్లు తికమక పెట్టాయి. ఊదా దారానికి ఒక ముడి అదనంగా వేశాక ఆ బాధ తప్పింది.

గోళ్ళ రంగు పూయడం కొందరి అలవాటు. తల్లి రోజంతా పిల్లల్ని నాకుతూనే ఉంటుంది. ఆ రంగు దాని కడుపులోకి పోవడం మంచిది కాదు.

ఇవన్నీ తాత్కాలికమైన గుర్తులు. శాశ్వతమైన గుర్తు మైక్రోచిప్. బియ్యపు గింజంత ఉంటుంది, పొడవు సుమారు 12 మిల్లీమీటర్లు. సూదితో రెండు భుజాల ఎముకల మధ్య చర్మం కింద పెడతారు. దానిలో బ్యాటరీ ఉండదు. చదివే యంత్రాన్ని దగ్గరగా పెట్టినప్పుడు మాత్రం 15 అంకెల సంఖ్యను చెబుతుంది. తప్పిపోయిన కుక్క ఎక్కడుందో అది చెప్పదు. దొరికిన కుక్క ఎవరిదో తేల్చడానికి సాయపడుతుంది.

వీటన్నిటికంటే పెద్ద ఉపాయం డాక్టరుగారు చెప్పింది – రెండు బుట్టలు. పని కాని పిల్లలు ఒక బుట్టలో, పని అయిన పిల్లలు ఇంకో బుట్టలో. తూచినా, పాలు పట్టినా, మందు వేసినా, ఎడమ బుట్టలోంచి తీసి కుడి బుట్టలో పెట్టాలి. అన్నీ అయ్యాకే తల్లి దగ్గరికి చేర్చాలి. ఇంత చిన్న పని చేసి ఉంటే, ఒకే పిల్ల రెండుసార్లు మా చేతికి వచ్చేదే కాదు.

తూనిక చెప్పే కబురు

గుర్తు పెట్టడం దేనికి? తూచడానికి. తూచడం దేనికి? చంటికూన తన జబ్బును నోటితో చెప్పలేదు, కంటితో చూపలేదు, బరువుతో చెబుతుంది. చూపుకు బాగానే ఉన్న పిల్ల బరువు పెరగకపోవడమే చాలాసార్లు మొదటి హెచ్చరిక. ఏడవడం, విడిగా పోయి పడుకోవడం, నీరసించడం ఆ తరువాత వస్తాయి. అప్పటికి చేతిలో ఉండే సమయం కొన్ని గంటలే.

లాబ్రడార్ పిల్ల పుట్టుకతో ఇంచుమించు 350 నుంచి 500 గ్రాములు తూగుతుంది. మొదటి రోజు కొద్దిగా తగ్గవచ్చు. పదోవంతుకు మించి తగ్గితే ఆలోచించాలి. రెండో రోజునుంచి ప్రతిరోజూ అప్పటి బరువులో సుమారు 5 నుంచి 10 శాతం పెరుగుతూ, 7 నుంచి 10 రోజుల్లో రెట్టింపు కావాలి. వంటింట్లో పిండి తూచుకునే ఎలక్ట్రానిక్ కాటా, దానిమీద ఒక స్టీలు గిన్నె, గిన్నెలో మెత్తని గుడ్డ – ఇంతకుమించి సరంజామా అక్కర్లేదు. మొదటి వారం రెండుపూటలా, తరువాత మూడో వారం దాకా రోజుకొకసారి, ఒకే వేళకు తూచాలి.

ఆనాటి నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. ఆకుపచ్చ దారం పిల్ల లెక్క ఇలా ఉంది: 5వ రోజు 430 గ్రాములు, 6వ రోజు 445, 7వ రోజు 440. చూడ్డానికి దానికేమీ లేదు. అందరితోపాటే కదులుతోంది, అరుస్తోంది. నోటుపుస్తకం లేకపోతే మాకు తెలిసేదే కాదు. డాక్టరుగారికి ఫోను చేస్తే, బలమైన పిల్లల్ని కాసేపు పక్క బుట్టలో ఉంచి దీన్ని తల్లి వెనుక చన్నుల దగ్గర పెట్టమన్నారు. పాలు ఎక్కువగా వచ్చేది సాధారణంగా ఆ వెనుక చన్నుల్లోనే. పైగా సీసా పాలు కూడా పట్టాం, ఈసారి దానికే పట్టాం! 8వ రోజు 470 గ్రాములు. ఆ అంకె చూసి మా పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది.

వెచ్చదనం ముందు, పాలు తరువాత

చంటికూనల విషయంలో మనవాళ్ళు సాధారణంగా చేసే పొరపాటు, పిల్ల నీరసంగా ఉంటే వెంటనే పాలు పట్టబోవడం. మొదటి వారంలో కూనకు వణకడం చేతకాదు. తన వేడిని తాను నిలుపుకోలేదు. ఆ వారంలో దాని ఒంటివేడి 95 నుంచి 99 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది. పెద్ద కుక్కకుండే 101, 102 డిగ్రీల స్థాయికి రావడానికి ఇంచుమించు నాలుగు వారాలు పడుతుంది. ఒళ్ళు బాగా చల్లబడిన కూనకు పేగుల కదలిక ఆగిపోతుంది. అప్పుడు పోసిన పాలు అరగవు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి ముందు వెచ్చబరచాలి, అదీ నెమ్మదిగా. గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సీసా ఒక పక్కన పెడితే చాలు. ఆ తరువాతే పాలు.

పిల్లలుండే చోటు మొదటి వారం 85 నుంచి 90 డిగ్రీల వేడిలో ఉండటం మంచిది. బల్బు వేలాడదీస్తే ఒక మూలకే వెచ్చదనం వచ్చేలా కట్టాలి. వేడెక్కువైతే పిల్లలు పక్కకు జరగడానికి చోటుండాలి. పిల్లలన్నీ ఒకదానిమీద ఒకటి ఎక్కి కుప్పగా పడుంటే చలి వేస్తోందని, దూరదూరంగా పడి అరుస్తుంటే ఉడుకుతోందని తెలుసుకోవాలి. మే నెల ఈతలకు మన ప్రాంతంలో ఈ రెండోదే ఎక్కువ భయం.

ముర్రుపాల సంగతి అందరికీ తెలిసిందే. కాని వాటికి గడువుంది. రోగనిరోధక పదార్థాలు పిల్ల పేగుల్లోంచి నేరుగా రక్తంలోకి చేరేది పుట్టిన మొదటి రోజులోనే. అందులోనూ మొదటి కొద్ది గంటలే మరీ ముఖ్యం. ప్రతి పిల్లా తల్లి చన్ను పట్టిందా లేదా అని గుర్తుతో సహా రాసుకోవాలి.

తల్లిపాలు చాలనప్పుడు ఆవుపాలు పోయడం మన ఊళ్ళలో అలవాటు. కుక్కపాలలో ఆవుపాలకంటే మాంసకృత్తులూ, కొవ్వూ కూడా రెట్టింపుకు పైగా ఉంటాయి. అందుచేత ఆవుపాలతో పొట్ట నిండుతుంది గాని, పెరుగుదలకు చాలదు, విరేచనాలు పట్టుకోవచ్చు కూడా. కుక్కపిల్లల కోసం చేసిన పాలపొడి వాడటమే మేలు. పట్టేటప్పుడు మనిషి బిడ్డలాగా వెల్లకిలా పడుకోబెట్టకూడదు. పొట్టమీద బోర్లా ఉంచి, తల కొద్దిగా ఎత్తి పట్టాలి. తల్లి లేని పిల్లలకు పాలయ్యాక తడి దూదితో పొట్ట కింద, తోక కింద మెల్లగా రాయాలి. మొదటి రెండు మూడు వారాలు అలా రాస్తేనే మలమూత్రాలు వస్తాయి. తల్లి నాకడంలో ఉన్న పరమార్థం అదే.

10 నుంచి 14 రోజుల మధ్య కళ్ళు తెరుచుకుంటాయి. కొద్ది రోజుల తేడాతో చెవులు కూడా తెరుచుకుంటాయి. మూడో వారంనుంచి పాలపళ్ళు మొలుస్తాయి. అవి మొత్తం 28. అప్పటినుంచి మెత్తగా నానబెట్టిన మేత కొద్దికొద్దిగా అలవాటు చెయ్యవచ్చు.

పెద్దజాతికి తొందర పనికిరాదు

మూడు కిలోలతో పుట్టిన మనిషి బిడ్డ అరవై కిలోలు కావడానికి పద్దెనిమిదేళ్ళు పడుతుంది. ఇరవై రెట్లు. అర కిలో కూడా లేని లాబ్రడార్ కూన ఏడాది, ఏడాదిన్నరలో ముప్ఫై కిలోలవుతుంది. అరవై రెట్లకు పైనే! గ్రేట్ డేన్ జాతి ఇంకా పెద్దది. ఇంత వేగంలో కండ పెరిగినంత సులువుగా ఎముక గట్టిపడదు. పిల్లను మరీ మేపితే, పచ్చి ఎముకల మీద పెద్ద బరువు పడుతుంది.

“పెద్దజాతి కదా, కాల్షియం పొయ్యాలి” అనే మాట మన దగ్గర గట్టిగా పాతుకుపోయింది. మా పెదనాన్నగారూ ఒక పెద్ద సీసా కొని తెచ్చారు. డాక్టరుగారు దాన్ని పక్కన పెట్టించేశారు. కారణం ఇది. పెద్ద కుక్క తనకు కావలసినంత కాల్షియం తీసుకొని మిగిలింది వదిలేస్తుంది. సుమారు ఆరు నెలలలోపు పిల్లకు ఆ అదుపు సరిగా రాదు. ఎంత పోస్తే అంతకు తగ్గట్టు లోపలికి పీల్చుకుంటుంది. నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో హాజెవింకెల్, ఆయన సహచరులు గ్రేట్ డేన్ పిల్లల మీద చేసి 1985లో ప్రకటించిన పరిశోధన దీన్ని చక్కగా చూపించింది. కాల్షియం అధికంగా తిన్న పిల్లల ఎముకల పెరుగుదలే దెబ్బతింది. అలాగని ఒట్టి మాంసమో, పెరుగన్నమో పెట్టి ఊరుకుంటే ఎదురు ప్రమాదం, కాల్షియం చాలక ఎముకలు మెత్తబడతాయి. పెద్దజాతి పిల్లల కోసం లెక్కగా కూర్చిన మేత పెడుతున్నప్పుడు పైన సీసా మందు అవసరం లేదు. ఇంటి వంట పెట్టేవారు వైద్యుణ్ణి అడిగే ఏదైనా కలపాలి.

ఎంత పెట్టాలి? పిల్ల పక్కటెముకలు కంటికి కనబడకూడదు, చేతికి తగలాలి. పైనుంచి చూస్తే నడుం సన్నబడాలి. అమెరికాలో ఏడు ఈతలకు చెందిన 48 లాబ్రడార్ల మీద చేసిన ఒక దీర్ఘ పరిశోధన 2002లో అచ్చయింది. ఒకే ఈతలోంచి జతలు జతలుగా తీసి, ఒకదానికి పెట్టినదానికంటే రెండోదానికి 25 శాతం తక్కువ పెట్టారు. తక్కువ తిన్నవి సగటున దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి. కీళ్ళ బాధలు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. బొద్దుగా ఉన్న పిల్లే ఆరోగ్యమైన పిల్ల అనుకునే మన ముచ్చటకు ఇది గట్టి జవాబు.

తుంటి కీలు సరిగా అమరకపోవడం పెద్దజాతుల్లో తరచుగా కనబడే లోపం. అందులో వంశపారంపర్యం చాలా ఉంది. కాని పెంపకానికీ వంతుంది. నార్వేలో నాలుగు పెద్దజాతుల మీద జరిపి 2012లో ప్రకటించిన పరిశీలనలో, మూడు నెలల వయసులోపు రోజూ మెట్లు ఎక్కిదిగిన పిల్లల్లో ఈ లోపం ఎక్కువగా, మెత్తటి నేలమీద బయట తిరిగిన పిల్లల్లో తక్కువగా కనిపించింది. మన ఇళ్ళలో నున్నటి టైల్స్ మీద పిల్ల కాళ్ళు నాలుగు దిక్కులకూ జారిపోతాయి. అక్కడ గోనెపట్టాలు పరచడం ఖర్చులేని జాగ్రత్త.

ఒకదానికి రెండుసార్లు, ఒకదానికి సున్నా

ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే పిల్లలకు సంక్రమిస్తాయి. అందుకే రెండో వారంనుంచే, రెండు వారాలకొకసారి పురుగుల మందు వేస్తారు. ఆ మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది. పది పిల్లలకూ ఒకే చెంచా అన్న లెక్క పనికిరాదు.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతాయి. కొన్ని వారాల వ్యవధితో పదహారో వారం దాకా తిరిగి వేస్తారు. మొదటిదే చాలదా అని అడగవచ్చు. తల్లిపాలతో వచ్చిన రక్షణ రక్తంలో ఉన్నంతకాలం టీకాను పనిచెయ్యనివ్వదు. అది ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో పైకి తెలియదు. కాబట్టి తగ్గిన సమయం తప్పిపోకుండా మళ్ళీమళ్ళీ వేస్తారు. 1978లో బయటపడి రెండేళ్ళలోనే ప్రపంచమంతా చుట్టేసిన పార్వో వ్యాధి టీకా పడని పిల్లల్ని ఇప్పటికీ రెండు మూడు రోజుల్లోనే తీసుకుపోతోంది. మూడు నెలలకు రేబీస్ టీకా, ఏడాదికి మళ్ళీ.

ఇప్పుడు మళ్ళీ మా మొదటి పొరపాటు తలుచుకోండి. పది నల్లపిల్లలు వైద్యశాల బల్లమీద కదులుతున్నాయి. గుర్తులు లేవు. ఒక పిల్లకు సూది రెండుసార్లు పడింది, ఇంకొకదానికి అసలు పడలేదు. కార్డుల్లో మాత్రం పదింటికీ తేదీలున్నాయి. ఆ పడని పిల్ల ఎవరింటికో వెళుతుంది. ఆ ఇంట్లో చంటిబిడ్డ ఉండవచ్చు. రేబీస్ లక్షణాలు కనబడ్డాక మనిషిని దక్కించుకోవడం ఇంచుమించు అసాధ్యం. తప్పుగా పలికిన హాజరు అప్పుడు మన ఇంటితో ఆగదు.

చేతులు మారే ముందు

మూడో వారంనుంచి సుమారు పన్నెండో వారం దాకా కుక్కపిల్ల లోకాన్ని నేర్చుకునే కాలం. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎన్నో ఏళ్ళు పరిశీలించి 1965లో వెలువరించిన గ్రంథం ఈ విషయాన్ని స్థిరపరచింది. ఆ రోజుల్లో మనిషి చేతిని, మాటను, ఇంటి చప్పుళ్ళను ఎరగని పిల్ల పెద్దయ్యాక బెదురుగానే మిగిలిపోతుంది. తూచడానికి రోజూ చేతుల్లోకి తీసుకున్న పిల్లకు మనిషి చెయ్యి ముందే అలవాటవుతుంది. నోటుపుస్తకం వల్ల మాకు అనుకోకుండా కలిగిన లాభమిది. గులాబి దారం పిల్ల ముందు పరిగెత్తుకొస్తుందనీ, గోధుమ దారం పిల్ల కాసేపు ఆలోచించి వస్తుందనీ మాకు తెలిసింది. ఎవరింటికి ఏ పిల్ల సరిపోతుందో చెప్పగలిగాం.

తల్లినుంచి, తోడబుట్టినవాటినుంచి పిల్లను మరీ ముందుగా విడదియ్యకూడదు. 2017లో మన దేశంలో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకాల నియమాలు ఎనిమిది వారాలలోపు పిల్లను అమ్మరాదని చెబుతున్నాయి. పెదనాన్నగారు అమ్మలేదు, తెలిసినవారికే ఇచ్చారు. అయినా తొమ్మిదింటినీ ఎనిమిది వారాలు నిండాకే పంపారు. ఒక్కొక్క పిల్లతో పాటు దాని పేజీకి నకలు కూడా రాసి ఇచ్చాను. పుట్టిన రోజు, రోజువారీ బరువు, పురుగుల మందు వేసిన తేదీలు, టీకా తేదీ, దారం రంగు. తీసుకున్నవారు మొదట నవ్వారు. “కుక్కపిల్లకు కూడా మార్కుల లిస్టా అబ్బాయీ!” అన్నారొకాయన. నెల తిరక్కుండా ఆయనే ఫోను చేసి, రెండో టీకా ఎప్పుడో పేజీ చూసి చెప్పమని అడిగారు.

మిత్రులారా! గుంపును ప్రేమించడం సులువు. “పది పిల్లలు, ఎంత ముద్దుగా ఉన్నాయో” అనని వారుండరు. కాని ఆకలి గుంపుకు ఉండదు, ఒక్కొక్కదానికి ఉంటుంది. ఆ ఒక్కదాన్ని మిగతా తొమ్మిదింటినుంచి విడదీసి చూడటానికి గొప్ప చదువు అక్కర్లేదు. తొమ్మిది రంగుల దారం, రెండు బుట్టలు, ఒక కాటా, రూళ్ళ నోటుపుస్తకం చాలు. పెంచబోయేవారు కుక్క ఈనడానికి ముందే వీటిని సిద్ధం చేసుకోవాలని నా మనవి.

నా నోటుపుస్తకంలో తొమ్మిది పేజీలు నిండుగా ఉన్నాయి. పదో పేజీ మీద “తెల్లవేలు” అని మాత్రం రాసి ఉంది. దాని కింద ఒక్క అంకె కూడా లేదు.